ఎనిమిది గంటల గొర్రె

ఐదు కిలోమీటర్లే మా ప్రపంచమైన రోజులవి. కరోనా కదా, ఇంటి నుంచి అంతకు మించి కదిలితే గార్డులు (ఐర్లాండ్‌లో పోలీసుల్ని అలాగే అంటారు) ఆపి ఎక్కడికని అడిగేవాళ్లు. అలాంటప్పుడు వచ్చింది నా మాస్టర్స్ రిజల్ట్. మా వంశంలో కాలేజీ గడప తొక్కిందే నేను మొదటిదాన్ని, ఇక ఆగుతానా? పోస్ట్ తెచ్చినాయనకి చెప్పా, మా డాక్టరు దగ్గర ఫోనెత్తినమ్మాయికి చెప్పా, కుక్కని తిప్పుతున్న పక్కింటి ముసలావిడకి రెండుసార్లు చెప్పా. గుంటూరు దగ్గర మాంసం కొట్టు నడిపే మా నాన్నకైతే వీడియో కాల్లో ఈమెయిల్ మొత్తం చదివి వినిపించా. "ఆ కిందేదో ఉందే, అది కూడా చదువమ్మా" అన్నాడు. అది యూనివర్సిటీ ఫోన్ నంబరు. అదీ చదివా.

ఆడమ్స్‌టౌన్‌లో నాతో ఇల్లు పంచుకున్న అక్క నా థీసిస్‌ని మూడుసార్లు చదివి దిద్దింది. పార్టీ ఏం కావాలక్కా అంటే, "టెక్సాస్‌లో తిన్నట్టు పొగ మీద నిదానంగా కాల్చిన మాంసం" అంది. నాలుగేళ్లు అక్కడ పనిచేసొచ్చింది లెండి. "ఇక్కడ ఏడాదిగా వెతుకుతున్నానే. అందరూ ఓవెన్లో పెట్టి, పైన సాస్ పోసి, బార్బెక్యూ అంటున్నారు." పైగా మేమిద్దరం బీఫ్ తినం, ధరల బోర్డులో సగం అక్కడే పోయేది. చివరికి దొరికింది. మూసేసిన పబ్ వెనక కార్ పార్కులో ఒకాయన ట్రక్కు పెట్టి గొర్రె పక్కటెముకలు అమ్ముతున్నాడు. మ్యాప్‌లో చూస్తే నాలుగున్నర కిలోమీటర్లు. "దేవుడున్నాడే" అంది అక్క.

రెండేసి మీటర్ల దూరంలో క్యూలో నిలబడితే, మా వంతు వచ్చేసరికి మిగిలింది ఒక్క పక్కటెముకల పలక. ట్రక్కాయన దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తి, "ఎనిమిది గంటలు కాల్చా" అన్నాడు గర్వంగా. మా కొట్టు దగ్గర పెరిగినదాన్ని, నాకు తెలీదా? అంతసేపు ఉడకాలంటే అది ఎంత ముదురు పొట్టేలై ఉండాలి! పాపం ఈయన్నెవరో మోసం చేశారనుకుని, మంచి మనసుతోనే చెప్పా. "మీకు మాంసం ఇచ్చేవాళ్లని మార్చండి. లేతదైతే ముప్పావు గంట చాలు. నేను మాస్టర్స్ పాసయ్యాను." (ఆ రెండోదెందుకు చెప్పానో ఇప్పటికీ తెలీదు.)

ఆయన పలకని మళ్లీ లోపల పెట్టేసి, "గ్రాండ్" అన్నాడు. ఐర్లాండ్‌లో గ్రాండ్ అంటే సరేలే అని, అలా పొడిగా అన్నారంటే ఇక బేరం లేనట్టే.

"ఏడాది వెతికితే దొరికిందొకటి, దానికీ నీళ్లొదిలించావు కదే" అంది అక్క మాస్కులోంచి. ఆవిడ కళ్లు చూస్తే నాకేడుపొచ్చింది. ఏం చెయ్యాలో తోచక నాన్నకి వీడియో కాల్ కలిపి, ట్రక్కాయనకి చూపించి, "మా నాన్న. మాంసం కొట్టు ఆయనదే. ఇది ముదురు కాదని ఈయన చెప్తే నేను క్షమాపణ అడుగుతా" అన్నా.

ఆయన కాసేపు ఫోన్ వంక చూశాడు. నాన్న భుజాన తుండుగుడ్డ, వెనక వేలాడుతున్న మేక తొడలు. ఏమనుకున్నాడో, పలక బయటికి తీసి, ఒక ఎముక పట్టి మెల్లగా లాగాడు. మాంసం కదలకుండా ఎముకొక్కటే శుభ్రంగా వచ్చేసింది.

"ఎనిమిది గంటలు కాల్చాడంట, ముదురుదా నాన్నా?"

"ఏందమ్మాయ్ ముదురు, పాలు తాగే పిల్లలాగుంది. ఎనిమిది గంటలు పొయ్యి దగ్గర కూర్చున్నాడంటే ఎంత ఓపికుండాలి? మనం అరగంటకే మూత తీసి చూస్తాం. దణ్ణం పెట్టు ఆయనకి."

పెట్టా. ఆయనకి తెలుగు రాదు, కానీ తెరమీద నాన్న కూడా చేతులెత్తేసరికి మీసాల కింద నవ్వి, పలక కట్టిచ్చాడు.

కారు బానెట్ మీద పెట్టుకుని తిన్నాం. అక్క మొదటి ముక్క కళ్లు మూసుకుని తింది, రెండోది వేళ్లు నాకుతూ తింది. మూడోది నాకివ్వకుండా తినేసింది. ఫోన్లో నాన్న అడుగుతూనే ఉన్నాడు, ఎట్టా ఉంది, కారం సరిపోయిందా అని.

"తియ్యగా ఉంది నాన్నా. బెల్లంలాంటిదేదో పూశారు."

"మాంసానికి బెల్లమా?" అన్నాడు నాన్న. "పోన్లే, పాసైన వారం కదా, తీపి తినాలి."

ఇప్పుడు లీక్స్‌లిప్‌లో ఉద్యోగం చేస్తున్నా. కొత్తగా చదువైపోయి వచ్చిన పిల్లలు మొదటి వారమే నాకు పని నేర్పబోతుంటారు. తలూపుతూ వింటా, వాళ్లలో అప్పటి నేనే కనిపిస్తా. పట్టా కాగితం ఇంకా చేతికి రాకముందే ఊరందరికీ పాఠాలు చెప్పిన ఆ పిల్లంటే నాకు కొంచెం సిగ్గు, చాలా ముద్దు. అంత సంతోషం మళ్లీ ఎప్పుడొచ్చిందని?