చెరువు గట్టు మీద బోర్డును ఎవరు లేపారు?

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. వాక్యం చదువుకుంటూ, సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెబుతూ పెరిగినదాన్ని. చనిపోయినవాళ్లు తిరుగుతారని ఎవరైనా అంటే మా ఇంట్లో నవ్వేవారు కాదు, కోప్పడేవారు. నా ఉద్యోగం కూడా అలాంటి మాటలకు చోటిచ్చేది కాదు. నేను కెర్నెల్ రాస్తాను, అంటే యంత్రంలో అన్నిటికంటే అడుగున ఉండి ప్రాసెసర్‌ను నడిపించే ప్రోగ్రాం. నిద్రపోయిన ప్రాసెసర్ దానంతట అది లేవదు. ఏదో ఒకటి లేపాలి, ఏది లేపిందో చిప్‌లో గుర్తు పడాలి. గుర్తు లేకుండా లేచిన ప్రాసెసర్‌ను నేను ఒక్కసారే చూశాను.

మాది మొగల్తూరు దగ్గర ఊరు. కాకినాడలో ముగ్గురం కలిసి చిన్న ఆఫీసు నడుపుతున్నాం. రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోతే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పి, సైరన్ మోగించే బోర్డు తయారుచేశాం. బోర్డు బ్యాటరీ మీద నడుస్తుంది. అందుకని పని లేనప్పుడు ప్రాసెసర్‌ను నిద్రపుచ్చాలి. నిద్ర ఎంత లోతైతే బ్యాటరీ అంత కాలం వస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే మీటరు సంకేతం పంపగానే మళ్లీ లేవాలి. ఆ నిద్రా, ఆ మెలకువా రాసింది నేనే. అంత లోతుగా నిద్రపుచ్చి కూడా టేబుల్ మీద క్షణంలో లేపగలిగినప్పుడు నా గుండె ఉప్పొంగింది. దాచుకోను, ఇప్పటికీ గర్వమే.

మొదటి బోర్డును మా మేనత్త చెరువుకే పెట్టాం. మామయ్య పోయాక ఆవిడే లీజుకు తీసుకుని సాగు చేస్తోంది. వరసగా రెండు పంటలు పోయాయి. ఇది కూడా పోతే చెరువు వదులుకోవాల్సిందే. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి దగ్గర పడింది, ఆకాశం చూస్తే మబ్బు. మబ్బు రోజుల్లో చెరువులో ఆక్సిజన్ ఎప్పుడు పడిపోతుందో చెప్పలేం.

శనివారం లాప్‌టాప్‌కు కేబుల్ తగిలించి అన్నీ సరిచూశాను. బోర్డు నిద్రపోయింది, మీటరును ఆక్సిజన్ తీసేసిన బకెట్ నీళ్లలో ముంచితే లేచింది, ఏరేటర్లు తిరిగాయి. మా వైపు కొత్త మోటారు వేసినా, కొత్త ఆటో కొన్నా చర్చి పాస్టరు అయ్యగారితో ప్రార్థన చేయించాకే వాడతాం. ఆయన బోర్డు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. కేబుల్ తీసేసి, డబ్బా మూసేశాం.

పట్టుబడి ముందు అత్త ఆదివారం కూడా గట్టు దిగదు. ఆ ఆదివారం నేనే బలవంతపెట్టాను.

"అత్తా, ఆరాధనకు రండి. బోర్డు చూసుకుంటుంది."

"నీ బోర్డు నిద్రపోద్దన్నావు కదే అమ్మడూ! నిద్రపోయేదాన్ని కాపలా పెట్టమంటావేంటే?"

"పిలిస్తే లేస్తుందత్తా."

"మీ మామయ్యా అలాగే అనేవాడు," అంటూనే చీర మార్చుకుంది. కాపలా అతన్ని కూడా భోజనానికి పంపేసింది.

ప్రసంగం సగంలో ఉండగా కాలవ అవతల నుంచి సైరన్ వినిపించింది. అత్త చెప్పులు వదిలేసి పరుగెత్తింది. వెనక నేను, నా వెనక సగం సంఘం. వెళ్లేసరికి రొయ్యలు మూలల్లో పైకి తేలుతున్నాయి. ఏరేటర్లు అప్పటికే నీళ్లు చిమ్ముతున్నాయి. ఇంకాసేపు ఆలస్యమైతే మిగిలేవి కావని, సైరన్ విని పరుగెత్తుకొచ్చిన కాపలా అతను అన్నాడు. సాయంత్రానికి రొయ్యలు అడుక్కి దిగాయి. అత్త గట్టు మీద కూలబడి నా చేయి వదల్లేదు. అంత సంతోషం నేను ఏ ఉద్యోగంలోనూ ఎరగను.

బోర్డు ఎలా లేచిందో అందరికీ చూపిద్దామని అక్కడే లాప్‌టాప్ తెరిచాను. లేచినట్టు నమోదైంది. ఏది లేపిందన్న చోట మాత్రం ఏమీ లేదు. మీటరు కాదు, గడియారం కాదు, బటన్ కాదు.

కాకినాడ వెళ్లి అలాంటి బోర్డునే టేబుల్ మీద పెట్టాం. అప్పుడు బయటపడింది. ఆ చిప్‌కు కేబుల్ తగిలించి ఉన్నంతసేపు అది పూర్తిగా నిద్రపోదు, పోయినట్టు కనబడుతుందంతే. కేబుల్ తీస్తే నిజంగా నిద్రపోతుంది. అప్పుడు మీటరు సంకేతాన్ని అందుకునే భాగానికి కూడా కరెంటు ఆగిపోతుంది. అంటే ఎంత పిలిచినా వినే చెవి ఉండదు. మా పరీక్షలన్నీ కేబుల్ పెట్టి చేసినవే. కేబుల్ లేకుండా ఎన్నిసార్లు ప్రయత్నించినా బోర్డు ఒక్కసారి కూడా లేవలేదు. చెరువు దగ్గరున్న బోర్డును తెచ్చి చూశాం. అదీ లేవలేదు.

ఏరేటర్ మోటార్ల వల్ల కరెంటులో వచ్చిన అలజడి లేపి ఉంటుందని మా ఆఫీసు వాళ్లు అన్నారు. కానీ మోటార్లు తిరిగింది బోర్డు లేచాకే. బ్యాటరీ తడబడి మళ్లీ స్టార్ట్ అయిందేమో అన్నారు. స్టార్ట్ అయితే, బోర్డు ఎంతసేపటి నుంచి నడుస్తోందో చూపే లెక్క మొదటికి రావాలి. శనివారం మొదలైన లెక్క తెగకుండా నడుస్తూనే ఉంది.

తప్పు సరిదిద్దాం. ఇప్పుడు మా బోర్డు కేబుల్ లేకుండానే లేస్తుంది. కేబుల్ ఉన్నప్పుడు 'ఇది నిజమైన నిద్ర కాదు' అని హెచ్చరించే కొన్ని కోడ్ వరసలు రాసి, అందరూ వాడే కెర్నెల్‌కు పంపాను. ఆ కెర్నెల్‌ను చూసుకునే పెద్దలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి, చివరకు తీసుకున్నారు. ఎక్కడెక్కడో నడిచే యంత్రాల్లో మా ఊరి అమ్మాయి రాసిన వరసలున్నాయి. అత్త అది చేపల మార్కెట్లో కూడా చెప్పుకుంటుంది.

పట్టుబడి బాగా వచ్చాక సంఘంలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. నేను వెనకాడాను.

"దేవుడు లేపాడని చెప్పడానికి సిగ్గేంటే?" అంది అత్త.

"సిగ్గు కాదత్తా. నా పనితనం వల్ల లేచిందని అందరూ అనుకుంటున్నారు. నేను రాసిన ప్రకారం చూస్తే అది లేవకూడదు."

"అదే చెప్పు మరి!"

లేచి నిలబడి అదే చెప్పాను. చెరువు నిలిచింది, అత్త ఇంకా సాగు చేస్తోంది. కృతజ్ఞత ఎవరికి చెప్పాలో నాకు తెలుసు, రోజూ చెబుతున్నాను. కానీ కరెంటే లేని ఆ చెవికి ఆ పిలుపు ఎలా వినబడిందో, ఆ చిప్‌లో ప్రతి తీగా ఎరిగిన నేను ఈ రోజుకీ చెప్పలేను.