కుర్చీలో ఎవరూ లేని గంట

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, జూలై నెల మొదటి మంగళవారం నాడు జగిత్యాల శాఖ నుంచి నాకు సిరిసిల్ల కాల్ ఒకటి అప్పగించారు. నేను అప్పుడు ఒక కంప్యూటర్ నిర్వహణ సంస్థలో సీనియర్ సర్వీస్ ఇంజినీరును. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లోని చిన్న కార్యాలయాలూ ఆన్‌లైన్ సెంటర్లూ నా పరిధి. ఫిర్యాదు నమోదైతే దానిని మేము కాల్ అంటాము. ప్రతి కాల్‌కూ ఒక సర్వీస్ రిపోర్టు మూడు ప్రతులుగా రాయాలి. ఒకటి వినియోగదారుకు, ఒకటి శాఖకు, ఒకటి నా దగ్గర. అందులో నాలుగు గడులుంటాయి: ఫిర్యాదు, పరిశీలన, కారణం, చర్య. నా ప్రతులను నేను ఏ ఏటికి ఆ ఏడు కుట్టించి పెట్టుకున్నాను. ఈ వివరాలు వాటిలోంచి చూసి రాస్తున్నవే.

సిరిసిల్లలో కాల్ ఇచ్చినది ఒక మరమగ్గాల సంఘం. అక్కడ ఒకే కంప్యూటర్, దాని ముందు స్వరూప అనే గుమస్తా. ఏ షెడ్డులో ఎన్ని మీటర్ల గుడ్డ దిగిందో ప్రతిరోజూ సాయంత్రం ఐదింటిలోగా పోర్టల్‌లో నమోదు చేయడం ఆమె పని. యంత్రం రోజూ మధ్యాహ్నానికి మొరాయిస్తున్నదనీ, నమోదు రెండుసార్లు తప్పిపోయిందనీ ఫిర్యాదు. సంఘం కార్యదర్శి నర్సయ్యగారు నన్ను గుమ్మంలోనే ఆపి, లోపలికి వినబడేలాగే చెప్పారు.

"మిషన్ల ఏం లేదు సార్. పోరి సినిమాలు వెట్టుకుంటది. నేను లోపల్కి రాంగనే టక్కున బంజేస్తది."

నేను వెళ్లేసరికి తెర బిగుసుకుపోయి ఉంది. బ్రౌజరులో ఎనిమిది పేజీలు తెరిచి ఉన్నాయి. ఒక పేజీ మూలన ఎవరో సినిమా తార నగల దుకాణం ముందు నవ్వుతూ ఆగిపోయి ఉంది. యంత్రాన్ని ఆపి మళ్లీ ప్రారంభించాను. పది నిమిషాలు గమనించాను, సక్రమంగా పనిచేసింది. ఇన్ని పేజీలు ఎందుకమ్మా అని అడిగాను.

"ఆరు పేజీలు ఆరు షెడ్లయి సార్. ఒక్కటి మూసినా మళ్ల ఓటీపీ అడుగుతది, అది సెక్రటరీ సారు ఫోన్‌కు వోతది. సారు ఏ షెడ్డుల ఉన్నడో ఎవలకెరుక? మా నాయిన ఎనిమిది మగ్గాలు సూస్తడు, ఒక్కటి ఆపడు. ఆపితే మళ్ల పట్టిచ్చేటాల్లకు పానం వోతది."

కంప్యూటరు మగ్గం కాదని నేను కొంత గట్టిగానే చెప్పాను. కారణం గడిలో "వాడకంలో లోపం, పనికి సంబంధం లేని పేజీలు" అని రాసి, సంతకం చేసి, కార్యదర్శిగారి ప్రతి ఆయన చేతికిచ్చి నాలుగు గంటల బస్సు అందుకున్నాను.

గురువారం స్వరూప నుంచి ఫోన్ వచ్చింది. కార్యదర్శి ఆమెకు మెమో ఇచ్చారట. శనివారం సాయంత్రంలోగా రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి, అది తృప్తికరంగా లేకుంటే తొలగిస్తారు. మెమోకు నా రిపోర్టు జతచేశారు. ఆమె ఏడవలేదు, ప్రాధేయపడలేదు.

"నా నౌకరి మీ సంతకంతోని వోతున్నది సార్. మీరు పదే నిమిషాలు సూసిండ్రు, నేను రోజంత సూస్తున్న," అంది.

నేను చూసినదే రాశానని బదులిచ్చాను. నాకు కోపం వచ్చిన మాట వాస్తవం. ముప్పై ఏళ్లుగా రిపోర్టులు రాస్తున్నవాడిని ఒక గుమస్తా తప్పుపట్టడమేమిటి అనుకున్నాను. ఫోన్ పెట్టేశాక కార్బన్ ప్రతి తీసి చూశాను. పరిశీలన గడిలో "పది నిమిషాలు" అని నేనే రాసి ఉంది. మధ్యాహ్నానికి వచ్చే జబ్బును పది నిమిషాల్లో చూశానని రాయడం నా చేతిరాతలోనే నాకు నచ్చలేదు.

మరునాడు శుక్రవారం కోరుట్లలో ఇంకొక కాల్. అక్కడ గౌస్ భాయ్ జిరాక్స్, ఆన్‌లైన్ పనుల దుకాణం నడుపుతారు. ఆయన యంత్రమూ మొరాయిస్తున్నదే. అలవాటుగా, ఎవరు వాడుతున్నప్పుడు ఆగిపోతుందని అడిగాను. ఆయన నవ్వారు.

"ఎవరూ వాడనప్పుడే సాబ్! పోరగాళ్లు ఉద్యోగాల నోటిఫికేషన్లు అడుగుతరని గా పేజీ తెరిచి పెడత. జుమ్మా నమాజుకు షట్టర్ ఏసి, తాళమేసి పోత. వచ్చి సూస్తే మిషన్ సచ్చి ఉంటది. తాళమేసిన దుకాణంల సినిమా ఎవలు సూస్తరు సాబ్, దయ్యమా?"

మూడు వారాలుగా మా శాఖకు ఆయన ఇదే మాట చెబుతున్నారట. మా వాళ్లు రెండుసార్లు యంత్రాన్ని ఆపి ప్రారంభించి కాల్ ముగించారు. తాళం వేసిన దుకాణం అన్న మాట దగ్గర నేను పెన్ను కింద పెట్టాను.

ఇక్కడ కొంచెం వివరించాలి. యంత్రంలో మెమరీ అనేది పని జరిగేటప్పుడు కాగితాలు పరుచుకునే బల్ల వంటిది. బల్ల నిండితే యంత్రం కాగితాలను డిస్కులోకి మోసి, కావలసినప్పుడు మళ్లీ మోసుకొస్తుంది. ఆ మోతలోనే మనకు తెర బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. బల్ల మీద ఎవరు ఎంత చోటు పట్టారో చూపే టాస్క్ మేనేజర్ ఒకటి బ్రౌజరులోనే ఉంటుంది. పేజీవారీగా లెక్క చూపుతుంది. దానిని తెరవడానికి అర నిమిషం పట్టదు. సిరిసిల్లలో నేను ఆ అర నిమిషం వెచ్చించలేదు.

గౌస్ భాయ్ దుకాణంలో తెరిచి చూశాను. నోటిఫికేషన్ల పేజీలో సమాచారం గుప్పెడు, దాని చుట్టూ ప్రకటనలు పద్నాలుగు. ప్రతి ప్రకటనా తనంత తానే కొద్ది క్షణాలకొకసారి మారుతోంది. కొత్తది వస్తున్నది గానీ పాతది పట్టిన చోటు ఖాళీ చేయడం లేదు. మేము ఇద్దరం చేతులు కట్టుకుని చూస్తుండగానే అంకె పెరుగుతూ పోయింది. "తిననీయి సాబ్, తిననీయి, ఎంత తింటదో సూద్దాం," అంటూ ఆయన చాయ్ తెప్పించారు.

శాఖ మేనేజరుకు ఫోన్ చేసి, సిరిసిల్ల జబ్బూ ఇదే కావచ్చని చెప్పాను. రెండు చోట్లా పెద్ద మెమరీ వేసి కాల్ మూసేయమన్నాడు. పెరుగుదల ఆగనప్పుడు బల్ల రెట్టింపు చేస్తే పన్నెండింటికి నిండేది మూడింటికి నిండుతుంది, అంతే కదా అన్నాను. మీరు రిటైరయ్యే వయసులో వాదనలెందుకు అన్నాడు. ఆ మాటను కూడా నేను తేదీతో రాసిపెట్టుకున్నాను.

శనివారం ఉదయం మొదటి బస్సుకే సిరిసిల్ల చేరాను. శాఖ నుంచి కాల్ లేదు. ముగిసిన కాల్‌ను ఇంజినీరు స్వయంగా తిరిగి తెరవవచ్చన్న నిబంధన మా కరదీపికలో ఉంది. అంతకుముందు నేను దానిని ఎన్నడూ వాడలేదు.

సంఘంలో స్వరూప సంజాయిషీ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. అందులో రెండు పంక్తులే ఉన్నాయి. కార్యదర్శిగారు రాగానే నేను అడిగింది ఒకటే: ఈ పూట కుర్చీలో ఎవరూ కూర్చోకూడదు, యంత్రాన్ని ఎవరూ ముట్టకూడదు, మీరు మాత్రం నా పక్కన ఉండాలి.

"శనివారం పూట నాకు ఇదేం శిక్ష సార్?" అన్నారు గానీ కూర్చున్నారు.

మొదట పోర్టల్ పేజీలు ఆరూ తెరిపించాను. పది నిమిషాలకొకసారి అంకె చూసి రాశాను. ఎవరూ ముట్టనందున కొంతసేపటికి పోర్టల్ తనంత తానే లాగౌట్ అయింది. మెమరీ మాత్రం మొదట ఎంత ఉందో దాదాపు అంతే ఉంది. అంటే ఆమె మగ్గాల పద్ధతి తప్పు కాదు. ఆరు పేజీలూ నిలకడగానే ఉన్నాయి.

తరువాత మిగిలిన రెండు పేజీలు ఏవని అడిగాను. నూలు ధరల పేజీ, రంగుల ధరల పేజీ. రెండూ ఒకే వెబ్‌సైటువి. ఎవరు తెరవమన్నారు అన్నాను. జవాబు కార్యదర్శిగారు చెప్పారు.

"నూలు ధర నేనే అడుగుత. దినాం నాలుగైదు మాట్ల అడుగుత. పక్కకు సినిమా బొమ్మలొస్తయని నాకేమెరుక?"

"మరి గా బొమ్మలే సార్, మీరు లోపల్కి రాంగ నేను బంజేసేది. మీరు సూసి నన్నంటరని," అంది స్వరూప.

నూలు ధరల పేజీని కార్యదర్శిగారి చేతనే తెరిపించి, కుర్చీని బల్లకు దూరంగా జరిపించాను. తెరిచినప్పుడు ఆ పేజీ మూడువందల ఎంబీ పట్టింది. అరగంటకు వెయ్యి దాటింది. మూలన నగల దుకాణం తార వచ్చింది, వెళ్లింది, మళ్లీ వచ్చింది. యాభై నిమిషాలకు మౌస్ బాణం కదలడం మానేసింది. కార్యదర్శిగారు లేచి తెర దగ్గరికి వెళ్లి, వెనక్కి వచ్చి, ఖాళీ కుర్చీని చూశారు.

"గిదేంది సార్! ఎవ్వలు ముట్టకపోయినా గింత తిన్నదా?"

మూడో పరీక్షకు, మా సంస్థ ఆమోదించిన ప్రకటనలను ఆపే యాడ్ బ్లాకర్‌ను బ్రౌజరులో చేర్చి, యంత్రాన్ని మళ్లీ ప్రారంభించి, అదే పేజీని మరో గంట తెరిచి ఉంచాను. ఈసారి పేజీలో నూలు ధరలు తప్ప వేరే ఏమీ లేవు. అంకె మొదటి చోటనే నిలిచింది. వాడని పేజీలను నిద్రపుచ్చే ఏర్పాటు బ్రౌజరులో ముందునుంచీ ఉన్నదే. అయితే ఏదో ఒకటి ఆడుతున్న పేజీని అది నిద్రపుచ్చదు. ప్రకటనల వీడియోలు ఎప్పుడూ ఆడుతూ ఉండడమే ఆ పేజీ నిద్రపోకపోవడానికి కారణం. ధర చూడవచ్చినవాడి యంత్రాన్ని అడగకుండా అద్దెకు వాడుకునే ఈ పద్ధతిని తప్పుపడుతూ ఆ వెబ్‌సైటు వారికి తరువాత ఒక ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ప్రతి నా దగ్గర ఉంది.

మూడు పరీక్షల అంకెల పట్టికలూ కార్యదర్శిగారి ముందు పెట్టాను. ఆయన చదివి, మెమో సంగతి నోటిమాటగా వదిలేద్దాం, మన పిల్లనే కదా అన్నారు. రాతపూర్వకంగా ఇచ్చినదాన్ని రాతపూర్వకంగానే ఉపసంహరించాలని నేను పట్టుబట్టాను. అలా అడిగే హక్కు నాకు లేదు. కానీ ఆ మెమోకు ఆధారం నా కాగితం.

"మీరెంత మొండోళ్లు సార్," అంటూ ఆయన లెటర్‌హెడ్ తీశారు. రాసి, ముద్ర వేసి, కాగితాన్ని స్వరూప వైపు జరిపారు. "ఏ బిడ్డా, నూలు ధర ఎంతున్నదో సూడు," అన్నారు.

నా పని ఇంకొకటి మిగిలింది. సర్వీస్ రిపోర్టులో రాసినదాన్ని చెరపకూడదు, దిద్దకూడదు. తప్పు మీద ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకమూ తేదీ వేయాలి. కింది రాత చదవడానికి వీలుగా ఉండాలి. కార్యదర్శిగారి ప్రతి తెప్పించి, "వాడకంలో లోపం, పనికి సంబంధం లేని పేజీలు" మీద గీత గీశాను. "ధరల పేజీలోని ప్రకటనలు మెమరీని విడుదల చేయకపోవడం, మొదటి పరిశీలన చాలలేదు" అని రాశాను. స్వరూప వంగి చూసింది.

"గీత కొట్టిండ్రు గని సార్, పాతది ఇంక కనవడుతనే ఉన్నది."

కనబడాలి, అదే నియమం అన్నాను. ఆమె "గట్లనే ఉండనీయండ్రి," అంది. తరువాత కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ రోజు మీటర్లు నమోదు చేయడం మొదలుపెట్టింది. అప్పుడు సమయం నాలుగు గంటల పది నిమిషాలు. ఆ రోజు నమోదు తప్పలేదు.

శాఖకు పంపిన ప్రతిలోనూ, నా ప్రతిలోనూ అదే సవరణ చేశాను. మేనేజరు కారణం అడిగాడు. మూడు పట్టికలూ పంపాను. కోరుట్లలోనూ అదే చర్య తీసుకున్నాము. తరువాతి శుక్రవారం గౌస్ భాయ్ నమాజు నుంచి రాగానే ఫోన్ చేసి, మిషన్ బతికే ఉందని చెప్పారు.

ఉద్యోగంలో మిగిలిన రెండేళ్లూ నేను ఒక పద్ధతి పాటించాను. కారణం గడిలో మనిషిని రాయవలసి వస్తే, ముందు ఆ మనిషిని కుర్చీలోంచి లేపి, యంత్రాన్ని గంటసేపు ఒంటరిగా చూసేవాడిని. ఆ గంట తరువాత మనిషిని రాయవలసిన అవసరం నాకు రెండే రెండుసార్లు వచ్చింది. అంతకు ముందరి ముప్పై ఏళ్ల రిపోర్టుల్లో ఆ గడిలో మనుషులు చాలామందే ఉన్నారు. వారి యంత్రాలను నేను ఎన్ని నిమిషాలు చూశానో పరిశీలన గడిలో రాసే ఉంది.