గోటి మీద నలుసు

గేట్లూ కిటికీ గ్రిల్సూ చేసే ఆ రేకుల షెడ్డులో అతన్ని కన్నవాళ్ళు పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. అందరికీ నలుసయ్యే. చేసేది గ్రైండింగు పని. వెల్డింగు అతుకుల మీద చక్రం తిప్పి, గరుకంతా పోయేదాకా నునుపు చెయ్యాలి. ఆ పనిలో ఇనప రజను మొహం మీదికి ఎగురుతూనే ఉంటుంది. ఎవరి కంట్లోనైనా పడిందంటే చాలు, చక్రం ఆపేసి, కన్ను మూసుకుని, తడుముకుంటూ అతని దగ్గరికి వచ్చేవాళ్ళు. అలా వచ్చింది ఆ పేరు. వెక్కిరింపుగా పెట్టిన పేరే అయినా అదంటే అతనికి మహా మురిపెం.

ఆ వైద్యానికి ఒక పద్ధతి ఉండేది. మనిషిని వెలుతురుకు ఎదురుగా బోర్లించిన డబ్బా మీద కూర్చోబెట్టేవాడు. అగ్గిపుల్ల తల విరిచేసి, ఆ కొసను పళ్ళతో నమిలి కుంచెలా చేసేవాడు. బొటనవేలితో పైరెప్ప ఎత్తి, "పైకి చూడు. ఇంకా పైకి. మీ అత్తగారు మేడ మీంచి చూస్తోంది, కాస్త నవ్వు మొహం పెట్టు" అనేవాడు. అవతలివాడు నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోపు పని అయిపోయేది. తీసిన రజనును ఊరికే దులిపేసేవాడు కాదు. బొటనవేలి గోటి మీద పెట్టి, "ఇదిగోరా నీ ఏనుగు!" అని చూపించేవాడు. ఆ నల్లచుక్క కనపడగానే వాళ్ళకి సగం మంట తగ్గిపోయేది. ఫీజు గ్లాసుడు టీ.

షెడ్డు ఓనరు కళ్ళజోళ్ళు కొనకపోలేదు. కొని మేకులకు తగిలించాడు. అవి చెమటకు మసకబారేవి. పాతబడ్డాక, ఇనుము మీద గీసిన గీత కూడా వాటిలోంచి కనపడేది కాదు. అదొక కారణం. అసలు కారణం మాత్రం నలుసయ్య నోరు. అతని భార్య తమ్ముణ్ణి అతనే తీసుకొచ్చి ఆ పనిలో పెట్టాడు. ఆ బావమరిది కొత్తలో బుద్ధిగా కళ్ళజోడు పెట్టుకునే చక్రం పట్టాడు. "ఏరా, పనికొచ్చావా, పెళ్ళిచూపులకొచ్చావా?" అన్నాడు నలుసయ్య, అందరికీ వినపడేలా. షెడ్డంతా గొల్లుమంది. "నేనుండగా నీ కళ్ళకేం భయంరా?" అని భరోసా కూడా ఇచ్చాడు. మర్నాటినుంచి ఆ జోడు మేకు మీంచి దిగలేదు. పెద్దమనిషి తరహా చూడండి!

ఒక ఆదివారం తొందరపని పడింది. ఎవరిదో కొత్త ఇంటి గేటు, మర్నాటికల్లా ఇచ్చెయ్యాలి. మిగతావాళ్ళకు సెలవు. బావా బావమరుదులిద్దరే షెడ్డులో ఉన్నారు. మధ్యాహ్నం బావమరిది చక్రం పక్కన పెట్టేసి, "బావా, పడింది" అంటూ వచ్చి డబ్బా మీద కూర్చున్నాడు. నవ్వుతూనే వచ్చాడు.

నలుసయ్య రెప్ప ఎత్తి చూశాడు. నల్లగుడ్డు మీద చిన్న చుక్క. అగ్గిపుల్లతో తుడిచాడు, కదల్లేదు. మళ్ళీ తుడిచాడు. అత్తగారి మాట అనడం కూడా మరిచిపోయాడు. కాలుతూ వచ్చిన రజను గుడ్డులోకి దిగబడిపోయింది. అది పుల్లకు వచ్చే రకం కాదు. అక్కడితో ఆపి, "పదరా ఆస్పత్రికి" అంటే సరిపోయేది. అనలేకపోయాడు. ఇన్నాళ్ళూ ఎవరెవరి కళ్ళో బాగుచేసి, సొంత బావమరిది దగ్గర చేతులెత్తెయ్యడమా? చొక్కాకి గుండీ ఊడినచోట పెట్టుకున్న పిన్నీసు తీశాడు. దాని మొనతో గీరాడు. బావమరిది డబ్బా అంచుల్ని రెండు చేతులతోనూ బిగించి పట్టుకున్నాడు గానీ తల మాత్రం కదపలేదు. బావ మీద అంత నమ్మకం. చుక్క పైకి రాకపోగా ఇంకాస్త లోపలికి పోయింది.

అప్పుడు చేశాడు నలుసయ్య ఆ పాడుపని. తన అరచేతికి అంటిన మసిని కాస్త గోటి మీదికి గీరి, "ఇదిగోరా నీ ఏనుగు" అన్నాడు.

"ఇంకా గరగరలాడుతోంది బావా."

"ఉంటుందిరా. నలుసు పోయినా దాని గుర్తు ఒకట్రెండు రోజులు ఉంటుంది. నలపకు."

ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు వాడు. కన్ను ఎర్రబడితే గుర్తే అనుకున్నాడు. వాస్తే గుర్తే అనుకున్నాడు. నలుసయ్య ఎటో చూస్తూ "తగ్గుతుందిలే" అంటూ వచ్చాడు. తగ్గాలని మనసారా కోరుకున్నాడు కూడా, అందులో అబద్ధం లేదు. ఆస్పత్రి మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తితే, గోటి మీద చూపించింది ఏమిటన్న ప్రశ్న వస్తుంది. చివరికి చీము పట్టి, నొప్పికి ఓర్చుకోలేక బావమరిది తల గోడకేసి కొట్టుకుంటుంటే అప్పుడు తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ లైటు వేసి చూసింది. "ఇనపముక్క ఇంకా లోపలే ఉందే! పడిన రోజునే వచ్చుంటే చిన్న పని. పైగా ఎవరో దేంతోనో పొడిచారు. ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

ఇంకా లోపలే ఉందన్న మాట ఇద్దరూ విన్నారు. బావమరిది బాగున్న కంటితో ఒక్కసారి నలుసయ్య వైపు చూశాడు. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, "నేనేనండీ. అద్దంలో చూసుకుంటూ పిన్నీసుతో గీరుకున్నా" అన్నాడు.

"తెలివి లేకపోతే పోయింది, భయమైనా ఉండొద్దూ!" అని ఆవిడ వాణ్ణి చీవాట్లు పెట్టింది. నలుసయ్య పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేల చీలి లోపలికి పోతే బాగుండనిపించింది. నేలా చీలలేదు, అతని నోరూ పెగల్లేదు. ఆ కన్ను పోయింది.

బావమరిది ఉండేది వాళ్ళ వీధి చివర గదిలో, భోజనం అక్క దగ్గర. కట్టుతో ఇంటికొచ్చిన రోజున ఆమె ఇద్దరికీ వడ్డిస్తూ తమ్ముణ్ణి దులిపేసింది. "ఎక్కడెక్కడివాళ్ళో కళ్ళు పట్టుకుని మీ బావ దగ్గరికి పరిగెత్తుకొస్తారు. పక్కనే ఉండి నువ్వు పిన్నీసుతో పొడుచుకుంటావా? ఆయనకి చూపిస్తే చిటికెలో తీసేసేవారు కదరా! ఏం పోయేకాలం నీకు?" ఏడుస్తూనే అంది, ఏడుస్తూనే భర్త కంచంలో ఇంకాస్త కూర వేసింది. "బుద్ధి గడ్డి తిన్నదక్కా" అన్నాడు తమ్ముడు తల ఎత్తకుండా. నలుసయ్య తింటూనే ఉన్నాడు. మింగుడు పడకపోయినా తిన్నాడు, ఆపితే ఏమైందని అడుగుతుందేమోనని.

ఆ తర్వాత షెడ్డులో ఎవరు కన్ను పట్టుకుని వచ్చినా, "నా చూపు ఆనట్లేదయ్యా, ఆస్పత్రికి పో" అనడం మొదలుపెట్టాడు. సలహా మంచిదే, కారణమే అబద్ధం. బావమరిది మీద బెంగతో మనిషి చిక్కిపోయాడు పాపం, అని అందరూ జాలిపడ్డారు. తిట్టినా ఓర్చుకునేవాడేమో గానీ ఆ జాలికి కుంచించుకుపోయేవాడు. ఓనరు బావమరిదిని గ్రైండింగు మాన్పించి, గేట్లకు రంగులేసే పనిలో పెట్టాడు. ఒంటికంటికి దూరం అందక, వాడి కుంచె ఒక్కోసారి చువ్వకు తగలకుండా గాలిలో ఆడేది. నలుసయ్య అది చూసి తల తిప్పుకునేవాడు. వాడు మాత్రం ఎప్పటిలాగే "టీ తాగావా బావా?" అని నవ్వుతూ పలకరించేవాడు. ఆ ఆదివారం ఊసు ఒక్కనాడూ ఎత్తలేదు. వాడు మనసులో ఏమీ పెట్టుకోలేదని నలుసయ్య నమ్మాడు. అలా నమ్మడం హాయిగా ఉండేది మరి.

ఒక సాయంత్రం అతని భార్య ఉతకబోతూ పనిచొక్కాను గట్టిగా దులిపింది. "అమ్మో!" అంటూ లోపలికొచ్చి, వెలుతురు పడే గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. రెప్పను తనే వేళ్ళతో ఎత్తి పట్టుకుని మొహం పైకి పెట్టింది.

"మీ చొక్కాలోంచే పడింది. తియ్యండి."

"నా చూపు ఆనట్లేదే..."

"ఆ కబుర్లు మీ షెడ్డువాళ్ళకి చెప్పుకోండి. నిన్న నాకు సూదిలో దారం ఎక్కించిపెట్టింది ఎవరు? తియ్యండి, నీళ్ళు కారుతున్నాయి!"

అక్కాతమ్ముళ్ళది ఒకటే పోలిక. నమ్మకంగా ఎత్తిపెట్టిన ఆ మొహం చూస్తుంటే నలుసయ్యకు డబ్బా మీద కూర్చున్న బావమరిదే కనపడ్డాడు. ఆమె ఎదురుగా నేలమీద చతికిలబడ్డాడు.

"వాడి కన్ను పొడిచింది నేనే" అన్నాడు. "పిన్నీసుతో. రాలేదు. వచ్చిందని చెప్పి నా చేతి మసి చూపించాను. వాడు నమ్మాడు."

ఆమె రెప్ప వదిలేసింది.

"వాడికి తెలుసా?"

"తెలుసు. ఆస్పత్రిలోనే తెలిసిపోయింది."

"ఆ రోజు నేను వాణ్ణి అన్న మాటలన్నీ విన్నారుగా?"

"విన్నాను."

"వింటూ అన్నం తిన్నారు."

ఇన్నాళ్ళూ తను పడుతున్నదే సిగ్గు అనుకున్నాడు. అది దొరికిపోతానన్న భయమని ఇప్పుడు తెలిసింది.

ఆమె కొంగుతో కన్ను కప్పుకుని లేచింది. "ఆస్పత్రికి పోతాను."

"నేనొస్తా, పద."

"మీరొద్దు. వెళ్ళి వాణ్ణి పంపించండి."

వీధి చివరిదాకా ఎలా నడిచాడో అతనికే తెలియదు. వాడి కాళ్ళమీద పడి అన్నీ చెప్పుకోవాలనుకున్నాడు. వాడు "పోనీలే బావా" అంటాడేమోనని లోపల ఎక్కడో ఆశ కూడా ఉంది. సిగ్గులేని ఆశ!

బావమరిది అప్పుడే పనినుంచి వచ్చి గది ముందు కాళ్ళు కడుక్కుంటున్నాడు. బావను చూసి నవ్వాడు.

"అక్క కంట్లో నలుసు పడిందిరా" అన్నాడు నలుసయ్య.

వాడి చేతిలో చెంబు జారిపోయింది. రెండంగల్లో వచ్చి నలుసయ్య చొక్కా పట్టుకున్నాడు. ఆ మొహంలో నవ్వు లేదు.

"నువ్వు ముట్టుకోలేదు కదా, బావా?"

"లేదురా" అన్నాడు నలుసయ్య.

వాడు నమ్మలేదు. చెప్పులైనా వేసుకోకుండా అక్క దగ్గరికి పరుగెత్తాడు.