రాజుగారి బల్ల మీద ఎర్ర కిమ్చీ

పన్నెండేళ్ళుగా నా జాకెట్లు ఒక కొరియా ఆవిడ కుడుతోంది. డాలస్ పక్కన మా కాపెల్‌లో ఉన్న తెలుగు ఆడవాళ్ళలో సగం మందికి ఆవిడే టైలరు. డోనట్ల షాపుకీ టాక్స్ ఆఫీసుకీ మధ్య ఇరుక్కున్న ఒంటిగది కొట్టు. మొదట్లో ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం, అంతవరకే. నేను మొదటిసారి పట్టు జాకెట్టు తీసుకెళ్ళి ముందు పెట్టినప్పుడు అటూ ఇటూ తిప్పి చూసి, లోపలి కుట్లు వేలితో తడిమి, మర్నాడు రమ్మంది. వెళ్ళేసరికి పాత దుప్పటి గుడ్డతో అచ్చం అలాంటిదే కుట్టి ఉంచింది, నేర్చుకోవడానికట. చాలా బాగుందన్నాను. ఆవిడ భుజం దగ్గర ఒక చిన్న ముడత చూపించి, నా కళ్ళముందే ఆ కుట్టంతా విప్పేసింది. నాకసలు ఆ ముడత కనబడనేలేదు. ఇప్పుడు ఫాల్ కుడుతుంది, పీకో చేస్తుంది, మేం లావవుతామని మాకంటే ముందే తెలిసినదానిలా లోపల రెండంగుళాల గుడ్డ వదులుతుంది.

పిల్లలందరికీ ఆవిడ టైలర్ ఆంటీ. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద కాబట్టి నాకు మాత్రం అక్క. మా మధ్య నడిచేది ముక్కలు ముక్కల ఇంగ్లీషే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, ఆవిడ నోట వచ్చే తెలుగు మాట 'అక్క' ఒక్కటే.

మమ్మల్ని దగ్గర చేసినవి కొరియా సీరియళ్ళు. అందులోనూ రాజుల కాలం కథలు. శనివారం మధ్యాహ్నం కొట్లో కస్టమర్లు పల్చబడ్డాక, దారపు ఉండల అరలో ఉన్న చిన్న టీవీ ముందు ఇద్దరం కూర్చునేవాళ్ళం. నేను ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుకుంటూ, ఆవిడ హుక్కులు కుట్టుకుంటూ. ఎంత శ్రద్ధండీ ఆ సీరియళ్ళు తీసేవాళ్ళకి! దాసీ రాజుకి వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళడం, మంత్రి కూర్చునే ముందు సిరా నూరడం, టోపీ కింద తాడు ఏ హోదాకి ఎలా ఉండాలో అదీ. మన సీరియళ్ళలో మహారాణులు మెరిసే నైలాను చీరలు కట్టుకుని, వరండాలో ట్యూబులైటు కనబడుతుండగా యుద్ధానికి బయల్దేరినా ఎవరికీ పట్టదు. నాకూ ఏనాడూ పట్టలేదు.

అక్కకి పిల్లలు లేరు. చెల్లెలు పోయాక ఆ చెల్లెలి కూతుర్ని నాలుగేళ్ళపాటు ఇక్కడికి తెచ్చి పెంచుకుంది. తరవాత తండ్రి వచ్చి తీసుకెళ్ళాడు. ఆ అమ్మాయి ఇప్పుడు సియోల్‌లో సీరియళ్ళకి భోజనాల బల్లలు అమర్చే పని చేస్తోంది. ఏ కాలంలో ఏ గిన్నె, ఏ కూర, ఎన్ని పచ్చళ్ళు, అదంతా ఒక విద్య. ఏడేళ్ళు ఒకరి చేతికింద పనిచేశాక మొన్న మొదటిసారి రాజుగారి బల్ల పూర్తిగా ఆమె చేతికి వచ్చింది. మొదటి ఎపిసోడ్ చివర పేర్లు పడుతున్నప్పుడు అక్క కుర్చీలోంచి లేచి నిలబడింది. టీవీ ఆపి, ఆ అమ్మాయి పేరు నాకు మూడుసార్లు చదివి వినిపించింది. ఆ రోజు కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ బియ్యప్పిండి మిఠాయి పంచింది.

రెండో ఎపిసోడ్‌లో రాజు ఒక్కడే కూర్చుని భోంచేస్తాడు. చిన్న బల్ల మీద పదో పన్నెండో గిన్నెలు, మధ్యలో నిగనిగలాడుతూ ఎర్రటి కిమ్చీ, కారం పట్టించి ఊరబెట్టిన వాళ్ళ క్యాబేజీ పచ్చడి. నాకు నోరూరింది. అక్క కూడా ఏమీ అనలేదు. కానీ వారం తిరిగేసరికి కొరియా అంతా గోల. ఆ రాజు కాలానికి ఆ దేశానికి మిరపకాయే రాలేదట. వంద ఏళ్ళు దాటాక గానీ రాలేదట. మా చరిత్రని మా టీవీయే తప్పుగా చూపిస్తే రేపు ప్రపంచమంతా అదే నిజమనుకుంటుందని జనం మండిపడ్డారు. ప్రకటనలిచ్చే కంపెనీలు వెనక్కి తగ్గాయి, మూడో ఎపిసోడ్ ఆగిపోయింది. బల్ల అమర్చింది ఎవరని నెట్‌లో ఆరా తీయడం మొదలైంది. ఈ కోపం చల్లారకపోతే ముందు పోయేది నీ ఉద్యోగమేనని డైరెక్టరు ఆ పిల్లతో చెప్పేశాడట. ఒకసారి ఇలాంటి మచ్చ పడితే ఆ పనిలో మళ్ళీ ఎవరూ పిలవరట.

ఇదంతా ఆ శనివారం అక్క చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. గిన్నెడు పచ్చడి కోసం ఒక ఆడపిల్ల పొట్ట కొడతారా, సీరియల్ అంటే సీరియల్, అందులో చరిత్ర వెతుక్కోవడం ఏమిటి, వీళ్ళకి వేరే పనిలేదా అని గుక్క తిప్పుకోకుండా తిట్టాను. అక్క తల వంచుకుని ఇస్త్రీ చేస్తూనే ఉంది. అంతా విని, తను కూడా ఆ ఛానెల్ వాళ్ళకి ఫిర్యాదు రాశానంది. అందరూ చూసే చోటే రాసిందట.

"నువ్వు కూడానా అక్కా? నీ పిల్ల మీద నువ్వేనా?"

"తప్పు ఉంది. రాశాను."

"పేరు పెట్టావా?"

"నా పేరు పెట్టాను. ఊరు పెట్టాను. నేను దాని పెద్దమ్మనని కూడా రాశాను."

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆయన ఊరికే అనడు. "కన్నతల్లివైతే ఇలా రాసేదానివా?" అనేశాను. అక్క చేతిలో ఇస్త్రీపెట్టె ఆగింది. మొహంలో ఏమీ మారలేదు. పెట్టెని పక్కన నిలబెట్టి, నా జాకెట్లు మడిచి, కవర్లో పెట్టి ఇచ్చింది. నేను తీసుకుని వచ్చేశాను. ఆ మాట కారెక్కాక నాకే మళ్ళీ వినబడింది. కానీ వెనక్కి వెళ్ళలేదు, మొండితనం.

మూడు వారాలు అటు తొంగిచూడలేదు. నాలుగో వారం వెళ్ళక తప్పింది కాదు. మా తెలుగు వాళ్ళ ఉగాది ప్రోగ్రాంకి నేనే నాటకం రాశాను. ఇక్కడ పుట్టిన తొమ్మిది మంది ఆడపిల్లలతో, కాకతీయుల కాలంలో ఏలిన రాణిగారి కథ. తొమ్మిది మందికీ బట్టలు కుట్టాలి. డాలస్ అంతా తిరిగినా అంత పని ఒప్పుకునే మనిషి ఇంకొకరు దొరకరు. బింకంగానే వెళ్ళాను. అక్క ఏమీ జరగనట్టే టేపు మెడలో వేసుకుని కాగితం తీసింది.

ఆవిడకొక పద్ధతి ఉంది. ఆ బట్ట వేసుకుని మనిషి ఏం చేస్తుందో తెలియకుండా గుడ్డ మీద కత్తెర పెట్టదు. కూర్చుంటుందా, వంగుతుందా, పరుగెత్తుతుందా, చెయ్యెత్తుతుందా అన్నీ అడుగుతుంది. అలాగే నాటకం అంతా చెప్పించుకుంది. రాణి తినే సీన్ ఉందా అని అడిగింది, చేతుల పొడవు కోసం. ఉండడమేమిటి, నా నాటకానికి ప్రాణమే అది. రాణి మారువేషంలో ఒక రైతు ఇంటికి వెళుతుంది. ఆ ఇల్లాలు వేడి అన్నంలో ఎర్రటి ఆవకాయ కలిపి ముద్ద పెడుతుంది. ఘాటుకి రాణి కళ్ళ వెంట నీళ్ళు. "ఈ కారమే నా జనం పౌరుషం" అంటుంది. రిహార్సల్‌లోనే తల్లులందరూ చప్పట్లు కొట్టారు.

"ఎర్రగానా?" అంది అక్క.

"నిప్పులా."

"ఎన్నేళ్ళ కిందటి రాణి?"

ఏడువందల ఏళ్ళు దాటిందని గొప్పగా చెప్పాను. అక్క పెన్సిల్ చెవి మీద పెట్టుకుని నావైపు చూసింది.

"మీకు మిరపకాయ ముందే వచ్చిందా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మాకు అనాదిగా ఉందని టపీమని చెప్పి, కారెక్కి, ఏసీ పెట్టుకుని ఫోన్‌లో చూశాను. ఎక్కడ అనాది! రాణిగారు పోయిన రెండువందల ఏళ్ళకి పైన పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెస్తే గానీ మనకి మిరపకాయ తెలియదు. పాపం ఆ మహాతల్లి ఎర్ర కారం రుచి ఎరగకుండానే పోయింది. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. తెర మీద బటన్ రెండు గీతలు పక్కకి జరిగితే ఊరుకోను. అలాంటిదాన్ని రాణిగారి నోట్లో ఆవకాయ ముద్ద కుక్కాను. కారులో ఒక్కదాన్నే కూర్చుని సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికెళ్ళి చెబితే మా ఆయన నవ్వాడు.

"ఎవరికి తెలుస్తుందే? ఆవకాయ తీసేస్తే క్లాప్స్ ఉండవు. లైట్ తీసుకో. నాటకమే కదా."

కొట్లో నేను అక్కతో అన్న మాటే. ఇంకొకరి నోట వింటే ఎంత చవకగా ఉందో.

మర్నాడు ఆఫీసుకి లీవు పెట్టి కొట్టుకి వెళ్ళాను. మిరపకాయ మాకూ ఆలస్యంగానే వచ్చిందని ఒప్పుకున్నాను. ఆవిడ రాసిన ఫిర్యాదు నాకు చదివి చెప్పమన్నాను. అక్క చేతులు కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ తీసి ఒక్కో వాక్యం చెప్పింది.

ఆ బల్ల అమర్చిన అమ్మాయి నా చెల్లెలి కూతురు. పదేళ్ళ వయసు నుంచి పద్నాలుగు దాకా నా ఇంట్లో తింది. నా బల్ల మీద ఒక్క పూట కూడా ఎర్రటిది లేకుండా పెట్టలేదు. అది లేని బల్ల ఎలా ఉంటుందో దానికి నేను చూపించలేదు. మొదటిసారి ఎపిసోడ్ చూసినప్పుడు నాకూ తప్పు కనబడలేదు. తప్పు తప్పే, దిద్దాలి. కానీ దిద్దే పని ఆ అమ్మాయికే ఇవ్వండి. నా కొట్లో కుట్టు తప్పితే, తప్పు కుట్టిన చెయ్యే విప్పి మళ్ళీ కుడుతుంది.

దాని కింద ఆ రాజు కాలంలో బల్ల మీద ఏం ఉండేవో వరసగా రాసింది. ఉప్పునీళ్ళలో ఊరిన ముల్లంగి, కారం లేని తెల్ల కిమ్చీ, అల్లం, ఉప్పు చేప. తనకి తెలియనివి లైబ్రరీకి వెళ్ళి, పుస్తకాలు తెప్పించుకుని, రెండు రోజులు కొట్టు మూసి చదివి రాసిందట. పన్నెండేళ్ళలో ఆ కొట్టు మూసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

నాకు ఏడుపు ఆగలేదు. కన్నతల్లివైతే అన్నాను కదా, ఆ మాటకి క్షమించమన్నాను.

"విన్నాను," అంది అక్క. "అది కూడా తప్పు కుట్టే. నువ్వే విప్పుకో."

నాటకంలో ఆవకాయ తీసేశాను. ఉప్పులో ఊరిన మామిడికాయ ముక్క, ఆవపిండి, నూరిన మిరియాలు పెట్టాను. పౌరుషం డైలాగు కూడా పోయింది. రాణి వేషం వేసే పిల్ల, అమెరికా యాసలో తెలుగు పలికే పదమూడేళ్ళది, మొహం ముడుచుకుంది. "ఆంటీ, పెప్పర్ తింటే నాకు టియర్స్ రావు కదా, ఎలా క్రై చేయాలి?" అంది. కాస్త ఆవపిండి దాని నోట్లో వేశాను. ఘాటు ముక్కుకెక్కి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఇంక ఆ ప్రశ్న రాలేదు.

ప్రోగ్రాం రోజున చప్పట్లు పడ్డాయి గానీ, రిహార్సల్‌లో పడ్డంత కాదు. భోజనాల దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపి, తెలుగువాళ్ళ నాటకంలో ఆవకాయ లేకపోవడమేంటమ్మా అని నిలదీశాడు. చెప్పాను. ఆయన తన పళ్ళెంలోని ఎర్ర ఊటకేసి చాలాసేపు చూసి, "అయితే మరి వాళ్ళేం తిని బతికారమ్మా?" అన్నాడు. నిజంగా జాలిపడ్డాడు.

ఆ తరవాతి శనివారం ఆ సీరియల్ మళ్ళీ మొదలైంది, రెండో ఎపిసోడ్ నుంచే. ఆ సీన్ మళ్ళీ తీశారని అక్కకి తెలుసు. చెల్లెలి కూతురు ఇంకా ఆ పనిలో ఉందో లేదో మాత్రం తెలియదు. ఫిర్యాదు రాసిన రోజు నుంచి ఆ పిల్ల ఫోన్ చేయలేదట, ఈవిడా చేయలేదు. ఆ సంగతి నాకు అప్పుడే చెప్పింది. కొట్టు తలుపుకి 'క్లోజ్డ్' బోర్డు తిప్పి కూర్చున్నాం.

రాజు వచ్చాడు, కూర్చున్నాడు. బల్ల మీద ఎరుపన్నది లేదు. తెల్లటి కిమ్చీ, నీళ్ళలో ముల్లంగి, అల్లం. అక్క రాసిన వరస రాసినట్టే ఉంది. ఎపిసోడ్ అయిపోయి పేర్లు మొదలయ్యాయి. కొరియా అక్షరాలు నాకు రావు కాబట్టి నేను తెర చూడలేదు, ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాను. అక్క మెల్లిగా కుర్చీలోంచి లేచింది. లేచి నిలబడి టీవీ ఆపింది.

"ఉంది," అంది.

పేరు ఈసారి ఒక్కసారే చదివింది. తరవాత కళ్ళజోడు ఇమ్మంది. మొన్న ఫిర్యాదు రాసిన చోటే ఇప్పుడు బాగుందని రాయాలంది. తప్పున్నప్పుడు పేరు పెట్టి రాసినదాన్ని, బాగున్నప్పుడు ఊరుకుంటే ఎలా అంది. రెండు వేళ్ళతో నెమ్మదిగా టైప్ చేస్తూ, ఏం రాస్తోందో నాకు చెబుతోంది. చివరికి తన పేరు, ఊరు దగ్గరికి వచ్చింది.

"ఈసారి అమ్మనని రాయి అక్కా," అన్నాను. "ఎవరికి తెలుస్తుంది?"

ఆవిడ చేతులు ఆగాయి.

"పెద్దమ్మ," అంది. "అదే కరెక్ట్."

అలాగే రాసి పంపించి, ఆ తరవాతే కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది.