ముసుగు లేని గాలిదొర

ఇప్పటి పిల్లలు సినిమా నచ్చకపోతే ఫోను తీసి నాలుగు తిట్లు రాసి, హాయిగా నిద్రపోతారు. మా కాలంలో ఆ సౌకర్యం లేదు. కోపం వస్తే దాన్ని ఒంటిమీద మోసుకుని తిరగాల్సిందే, డ్యూటీకి, కూరల బజారుకు, ఒక్కోసారి బస్సెక్కి భీమిలి దాకా కూడా. అవి ఎనభైల మొదటి రోజులు. ఊరవతల ఉక్కు కర్మాగారం కోసం నేల చదును చేస్తున్నారు. నేను పోర్టు వర్క్‌షాపులో అప్రెంటిసుగా చేరి, సీతమ్మధారలో మా మేనత్త ఇంట్లో ఉండేవాణ్ణి. ఆ ఏడాది మాత్రం ఆ ఇంట్లో పొయ్యి మీద ఏం ఉడికినా ఉడక్కపోయినా, అత్త కడుపు, ఆమె కొడుకు మా బావ కడుపు, వాళ్లతో పాటు నా కడుపూ రోజూ ఉడికేవి. దానికి కారణం గాలిదొర.

గాలిదొర ఎవరో ఈ తరానికి చెప్పాలి. (చెప్పాల్సి రావడమే నాకు కష్టంగా ఉంది.) మేం పుట్టకముందు నుంచి మా చిన్నప్పటిదాకా నలుపు తెలుపు బొమ్మల్లో మూడుసార్లు వచ్చిన వీరుడు. నల్ల ముసుగు, నల్ల అంగీ, భుజాల మీంచి వేలాడే పెద్ద దుప్పటి. కష్టంలో ఉన్నవాళ్లు ఆకాశం వైపు చూసి పిలిస్తే గాల్లో ఈదుకుంటూ వచ్చేసేవాడు. నడుముకు కట్టిన తీగ నేల టికెట్టు వాళ్లక్కూడా స్పష్టంగా కనిపించేది. అయినా ఎవడైనా "అదిగో తీగ" అన్నాడా, వాడికి చుట్టుపక్కల వాళ్ల చేతుల్లో మూడేది. అతని ముఖం మాత్రం మూడు సినిమాల్లోనూ ఎవరూ చూడలేదు. ప్రేమించిన పిల్ల చూడలేదు, కన్నతల్లి చూడలేదు, టికెట్టు కొన్న మేమూ చూడలేదు.

మా అత్తకు గాలిదొరంటే ప్రాణం. మావయ్య పోర్టులో ఓడల్ని లాగే టగ్గు మీద పనిచేసేవాడు. పెళ్లయిన కొత్తలో ఆమెను తీసుకెళ్లిన మొదటి సినిమా గాలిదొరదే. బావ ఇంకా బడికి వెళ్లే వయసు రాకముందే ఆయన పోయాడు. "ఆ ముసుగెనకాల ఎవుడైనా ఉండొచ్చురా," అనేది అత్త చేటలో బియ్యం చెరుగుతూ. "మీ మావయ్యలాగ బక్కపల్చటి మనిసైనా ఉండొచ్చు. ఎవుడికి తెల్సు?" ఆ మాట అన్నాక చేటను ఇంకాస్త గట్టిగా కొట్టేది.

అలాంటి ఇంట్లోకి ఒకరోజు బావ సినిమా వారపత్రిక పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. గాలిదొర మళ్లీ వస్తున్నాడు, ఈసారి రంగుల్లో! మర్నాటికల్లా అభిమాన సంఘం పుట్టింది. బావ అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. పాతనగరంలో మాకు బెల్‌బాటమ్‌లు కుట్టిపెట్టే సాయిబు మాస్టారు గౌరవ సలహాదారు. బావతో పోర్టులో పనిచేసే కుర్రాళ్లు సభ్యులు. అత్తకు పదవేమీ ఇవ్వలేదు గానీ, సమావేశాలన్నీ ఆమె వంటింటి గడప దగ్గరే జరిగేవి, తీర్మానాలన్నీ ఆమే చేసేది. కొత్త సినిమాలో దుప్పటి ఏ రంగులో ఉండాలి, తీగ కనిపించాలా వద్దా (కనిపించాల్సిందేనని సాయిబు మాస్టారి పట్టు), ఇవే మా చర్చలు. వర్క్‌షాపులో నట్టు బిగిస్తూ కూడా నాకు అదే ధ్యాస.

కొన్నాళ్లకు పత్రికలో బొమ్మ పడింది. మెరిసే పసుపు బట్టలు, నల్ల కళ్లద్దాలు, దువ్విన జుట్టు. నడుం మీద చెయ్యేసుకుని నవ్వుతున్నాడు. ముసుగు లేదు! కింద నిర్మాత మాట వేశారు: "మా హీరోగారి ముఖం చూడ్డానికే కదండీ జనం వచ్చేది, దాన్ని గుడ్డతో కప్పేస్తే ఎలా?"

అత్త ఆ బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది.

"ఇదేట్రా? ముసుగేదిరా?"

"తీసీసినారమ్మా," అన్నాడు బావ, తద్దినం సంగతి చెబుతున్నట్టు.

"తీసీడానికి ఆళ్లెవులు? మొగం సూపించీసినాక ఆడు సినిమావోడు అవుతాడు గానీ గాలిదొరెలా అవుతాడ్రా?"

ఆ బొమ్మ పాతనగరం దుకాణానికి పట్టుకెళ్తే సాయిబు మాస్టారు కుట్టుమిషను ఆపేశారు. "అరే భాయ్, ఆ సినిమాలు ఆడిన రోజుల్లో పిల్లల కోసం ఎన్ని ముసుగులు కుట్టాను! ఇప్పుడు ముసుగు వద్దా? ఇది ఇజ్జత్ మాట," అని, కోట్ల లోపల వేసే నల్ల లైనింగు గుడ్డతో ఆ వారమే మా అందరికీ తలా ఒక ముసుగు కుట్టేశారు. గాలాడని గుడ్డ. పెట్టుకుంటే మీసాల మీంచి చెమట నోట్లోకి దిగేది. అయినా ఒక్కడు కూడా విప్పలేదు. కోపం అంత గట్టిది.

ఆ సినిమా షూటింగు భీమిలి దారిలో ఉన్న మా ఎర్రమట్టి దిబ్బల దగ్గరే ఆదివారం జరుగుతుందని తెలిసింది. ఇంకేం! ముసుగులు తగిలించుకుని భీమిలి బస్సెక్కాం. వద్దన్నా వినకుండా అత్త కూడా ముసుగు కట్టి, దాని మీంచి కళ్లద్దాలు పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. కండక్టరు మమ్మల్ని చూసి టికెట్ల బ్యాగు గుండెకు అదుముకున్నాడు.

"ఏటి బాబూ, దోపిడీకేటి?"

"నాయం అడగడానికి ఎల్తన్నాం," అంది అత్త. "నువ్వు టికెట్లు కొట్టు నాయనా."

దిబ్బల దగ్గర వెండి కాగితం అంటించిన పలకలు ఎండను మింగి మళ్లీ మా మీదే కక్కుతున్నాయి. గొడుగు నీడలో హీరో కొబ్బరినీళ్లు తాగుతున్నాడు. పక్క పల్లె నుంచి చేపల గంపలతో వచ్చిన ఆడవాళ్లు ఒక వారగా నిలబడి వింత చూస్తున్నారు. మేం వరసగా నిలబడి పిడికిళ్లెత్తి "ముసుగు వెయ్యాలి! ముసుగు వెయ్యాలి!" అని కొండ దద్దరిల్లేలా అరిచాం. వెంటనే టోపీ పెట్టుకున్న సహాయ దర్శకుడొకడు పరుగెత్తుకొచ్చాడు. పోలీసుల్ని పిలుస్తాడనుకున్నాం. తీరా అతను బావ చేతులు పట్టుకుని ఊపేశాడు.

"వచ్చేశారా బాబూ! జనాన్ని తెచ్చే లారీ దారిలో ఆగిపోయిందని పొద్దుట్నుంచి తల పట్టుకు కూర్చున్నాం."

"మేం జనం కాదండీ!" అన్నాడు బావ మండిపడుతూ. "అభిమానులం! నిరసనకొచ్చాం!"

"ఇంకా మంచిది. ఆ కోపం అలాగే ఉంచండి, ఎక్కడా తగ్గనీకండి. గాలిదొర కొండ మీద దిగుతాడు, మీరు పిడికిళ్లెత్తి అరుస్తారు. అంతే. ఆ ముసుగులు మాత్రం తీసెయ్యండి, మొహాలు కెమెరాకి కనపడాలి."

బావ మమ్మల్ని పక్కకు లాగాడు. కళ్లు మెరుస్తున్నాయి. "ఒరే, ఆలోసించండ్రా! మనం ఇక్కడ అరిస్తే ఇనీది ఈ సేపలోళ్లే. అదే సినిమాలో అరిసినామనుకో, రాష్ట్రమంతా ఇంటాది. ఆళ్ల సినిమాలోనే ఆళ్లని తిట్టీడం బావా!" ఇంత గొప్ప వ్యూహం మాలో ఎవరికీ తట్టనందుకు మాకు సిగ్గేసింది. (ముసుగు కోసం పోరాడ్డానికి వచ్చి, మొహాలు కనపడ్డం కోసం మా ముసుగులు మేమే విప్పుతున్నామన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. సాయిబు మాస్టారైతే జేబులోంచి దువ్వెన కూడా తీశారు.)

ఆ రోజు మేం అరిచినంత ఎవరూ అరిచి ఉండరు. దర్శకుడు "ఇంకోసారి" అంటాడు, మేం ఇంకోసారి అరుస్తాం. "ఆ పెద్దావిడ కళ్లలో నిప్పుంది, ముందుకు తీసుకురండి," అన్నాడు. అత్త ముందుకొచ్చి, కొంగు నడుముకు బిగించి, "ముసుగెయ్యండ్రా! మీ మొగాలు మాకెందుకు!" అని గొంతు చిరిగేలా అరిచింది. మధ్యాహ్నం పులిహోర పొట్లాలిచ్చారు. హీరో స్వయంగా వచ్చి, "బాగా చేశారమ్మా," అని దణ్ణం పెట్టాడు. అత్త అతన్ని ఎగాదిగా చూసి, "నువ్వు బాగానే ఉన్నావు నాయనా. మొగం కప్పుకుంటే ఇంకా బాగుంటావు," అంది. అతను నవ్వేశాడు. ఆమె నవ్వలేదు.

సినిమా వచ్చేదాకా మాది విజేతల నడక. మా పోరాటం తెర మీద చూడమని వీధి వీధంతా చెప్పుకున్నాం. మొదటి రోజు వీధి మొత్తం మా వెనక వరసల్లో కూర్చుంది. ఎర్రమట్టి దిబ్బలు వచ్చాయి. పసుపు బట్టల్లో అతను కొండ మీద దిగాడు (తీగ కనపడలేదు, అదొక లోటు). తెర నిండా మేం! పిడికిళ్లు లేచాయి, నోళ్లు తెరుచుకున్నాయి.

"గాలిదొరకూ... జై! గాలిదొరకూ... జై!"

మా నోళ్లలోంచి ఎవరివో గొంతులు. ఆ వెంటనే మా అత్త ముఖం, తాటికాయంత. కళ్లలో నిప్పులు. నోరు తెరిచింది. చక్కెర పాకంలో ముంచి తీసినట్టున్న కృష్ణా జిల్లా గొంతొకటి, "నీ ముఖం చూశాం, మా జన్మ ధన్యమైంది నాయనా!" అంది.

బావ సీటెక్కి నిలబడి, "అది మా గొంతు కాదు! మేం అలగ అనలేదు!" అని అరిచాడు. హాలంతా "కూకో! కూకో!" అంది. సాయిబు మాస్టారు చెవులు మూసుకుని "తౌబా, తౌబా" అంటున్నారు. వెనక మా వీధివాళ్లు చప్పట్లు, ఈలలు. బయటికి వచ్చాక పక్కింటావిడ అత్త చేతులు పట్టుకుని, "ఎంత బాగా సెప్పినావమ్మా, కళ్లంట నీల్లొచ్చీసినాయి," అంది.

అత్త మా అందరికంటే ముందు నడిచి ఇల్లు చేరింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూ అంది: "మొగం తీసుకున్నారు, సరే. నా నోట్లో మాట తీసీసి ఇంకోటెట్టీడానికి ఆళ్లెవుల్రా?" పైగా ఆ సినిమా బ్రహ్మాండంగా ఆడింది. నా కోపానికి అది కొసరు.

అత్త పోయి చాలా ఏళ్లయింది. సాయిబు మాస్టారూ లేరు. బావకు చెవుడు. మధ్యాహ్నాలు టీవీలో ఎప్పుడైనా ఆ సినిమా వేస్తే నాకు ఫోను చేస్తాడు, "పెట్టు బావా, వస్తంది" అని అంతే. దిబ్బల సీను వచ్చేవేళకు నేను రిమోటు తీసి శబ్దం పూర్తిగా తీసేస్తాను. అప్పుడు జేజేలు ఉండవు, పాకం గొంతు ఉండదు. ఎర్ర దిబ్బల ముందు పొడుగు కాలరు చొక్కా వేసుకున్న బక్క కుర్రాడొకడు (నేనే) మెడనరాలు ఉబ్బించుకుని లోకాన్ని సరిదిద్దేస్తుంటాడు. వాడి ముందు మా అత్త, కొంగు బిగించి, కొండ మీదికి చూస్తూ అరుస్తుంటుంది. 'ముసుగెయ్యండ్రా'లో 'ము' అన్నప్పుడు ఆమె పెదాలు కలవడం స్పష్టంగా కనిపిస్తుంది.