ఆకాశంలోంచి చిక్కపేట

ఒకసారి కె.ఆర్.పురం రైల్వే స్టేషన్లో నా పక్కన కూర్చున్న పిల్ల, ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని, ఆకాశంలోంచి తీసిన మా చిక్కపేట ఫొటోను చూస్తోంది. తన చిన్నప్పుడే వాళ్ళ అవ్వ అమ్మేసిన ఇల్లు ఇంకా నిలిచుందో, పడగొట్టేశారో తెలియదట.

“వీధి దొరికింది ఆంటీ. మిద్దెలన్నీ ఒకే మాదిరి ఉండాయి,” అంది దిగులుగా.

“ఇంటి నడుమ ఆకాశం కనిపించే తొట్టి ఉండిందా?”

“ఊ! వానొస్తే అందులోనే ఎగిరేవాళ్ళం.”

“అట్లైతే మిద్దె మధ్యలో చదరంగా బొక్క ఉంటాది, చూడమ్మా.”

నాలుగు మిద్దెల అవతల కనిపించింది. పిల్ల దాన్ని వేలితో తాకి కళ్ళకద్దుకుంది.

“అవ్వ ఇల్లు ఉండాది ఆంటీ!” అని నన్ను వాటేసుకుంది.

పేరైనా అడగలేదు. ఇప్పుడు పండగొస్తే వాకిట్లోనే కాదు, మిద్దె మీద కూడా ముగ్గేస్తాను. పైనుంచి ఎవరు చూస్తారో ఏమో!