సీసాలక్క చేతులు

నీళ్ళు పరీక్ష చేసే లాబులో ఇరవై రెండేళ్ళుగా సీసాలు కడుగుతున్న మనిషికి సొంత పేరొకటి ఉంటుందని అక్కడ చాలామందికి తోచనే తోచదు. హాజరు పుస్తకంలో ఉంది లెండి, ఉండకేం! కానీ గేటు దగ్గర కాపలా మనిషి మొదలుకొని డైరెక్టరుగారి వరకు అందరికీ ఆవిడ సీసాలక్కే. ఆవిడా ఆ పేరుకే పలుకుతుంది. ఇంట్లో దర్జీ పని చేసుకునే మొగుడు అసలు పేరుతో పిలిస్తే, ఎవరినో పిలుస్తున్నాడనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది.

సీసాలంటే మీరూ నేనూ ఇంట్లో కడిగే సీసాలనుకునేరు. ఊరి చివర రెల్లూ తుంగా పెరిగిన పెద్ద మడుగొకటుంది. పదిహేను రోజులకోసారి ఆ మడుగులో పన్నెండు చోట్ల నీళ్ళు పట్టుకొస్తారు. ఆ నీళ్ళు పట్టే గాజు సీసాలివి. నీళ్ళు కలిపిన యాసిడ్‌లో ఒక పూటంతా నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో ఏడుసార్లు కడిగి, బోర్లించి ఆరబెట్టాలి. సబ్బన్నది మాత్రం తగలకూడదు. చేరిన రోజున అప్పటి పెద్దాయన చెప్పిన మాట అది. ఎందుకు తగలకూడదో ఆయన చెప్పలేదు, ఈవిడ అడగలేదు. వాసన పడుతుందని కాబోలు అనుకుంది. చదువుకున్నవాళ్ళకి ఇదొక జబ్బు. పని చెప్తారు, కారణం మాత్రం తమ దగ్గరే దాచుకుంటారు, చెప్తే అరిగిపోతుందన్నట్టు!

ఎనిమిది నెలల కిందట చిక్కొచ్చిపడింది. పాత చేతి తొడుగులు చిరిగిపోతే కొత్తవి తెప్పించారు. అవి ఏ పహిల్వాను కొలతలకు చేశారో గానీ, సీసాలక్క చెయ్యి పెట్టాక ఇంకో చెయ్యి పట్టేంత చోటు మిగిలేది. ఆ సందులోంచి యాసిడ్ లోపలికి కారేది. నెల తిరక్కుండానే వేళ్ళన్నీ ఎర్రగా పొంగి, తోలు పగిలి, రసి కారడం మొదలైంది. డాక్టరు చూసి, "ఇంకొక్కసారి యాసిడ్ ముట్టుకున్నావంటే నా దగ్గరికి రాకు" అని మొహం మీదే చెప్పేశాడు.

ఆ సంగతి లాబులో చెప్పిందా అంటే, చెప్పలేదు. ఏటేటా సంతకం పెట్టించుకుని పొడిగించే ఉద్యోగం అది. చేతులు బాగాలేవంటే మనిషే అక్కర్లేదంటారేమోనని భయం. అందుకని ఇంట్లో గిన్నెలు తోమే పౌడరు ఓ డబ్బాలో పోసుకుని, సంచిలో అడుగున పెట్టుకుని తెచ్చింది. ఆ పౌడరుతో తోమి, ఏడు కాదు, పదిసార్లు కడిగేది. పౌడరూ నీళ్ళూ తగులుతూనే ఉండటంతో పుండ్లు మాత్రం మానేవి కావు. సీసాలు తళతళలాడిపోయేవి. మడుగు మీద పరిశోధన చేసే మేడం ఒకటి ఎత్తి పట్టుకుని, "ఏంటక్కా, ఈ మధ్య అద్దాల్లా మెరిసిపోతున్నాయే!" అని మెచ్చుకుంది కూడా. సీసాలక్క ఉబ్బితబ్బిబ్బైంది. తప్పు చేస్తున్నానన్న ఆలోచనే ఆవిడకి రాలేదు.

ఆ మడుగులోనే సీసాలక్క అన్నయ్య బాతులు తిరుగుతాయి. అన్నయ్య బాతులనడం మాటవరసకే. నాలుగొందల బాతుల్నీ తోలేదీ, గుడ్లు ఏరేదీ, ఒకదానికి నలతగా ఉంటే ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదీ వదిన. ఆ వదినకీ సీసాలక్కకీ మూడేళ్ళుగా మాటల్లేవు. ఎందుకంటే, ఓ పెళ్ళిలో నలుగురి మధ్య వదిన నవ్వుతూ, "మా ఆడపడుచు పెద్ద సైంటిస్టమ్మా, ఖాళీ సీసాలు కడుగుతుంది" అంది. సీసాలక్క ఊరుకుంటే పోయేది. "బాతుల రెట్ట ఎత్తేవాళ్ళకి సీసాల సంగతేం తెలుస్తుందిలే" అని అంటించింది. అంతే! ఇంత మాత్రానికి మూడేళ్ళు. మధ్యలో నలిగిపోయింది అన్నయ్యే. చెల్లెలింటికి దొంగలా వచ్చి, గుడ్లు గడపలో పెట్టి, మంచినీళ్ళైనా తాగకుండా పోయేవాడు.

ఇలా ఉండగా, మడుగు నీళ్ళలో ఫాస్ఫేటు పెరిగిపోతోందని మేడం లెక్కల్లో తేలింది. ఫాస్ఫేటంటే నాచుకి ఎరువులాంటిది. అది ఎక్కువైతే నీళ్ళ మీద పచ్చటి తెట్టు కడుతుంది. అందులో కొన్ని రకాలు విషం వదులుతాయి. ఆ నీళ్ళు తాగితే వాంతులు, దిగితే దద్దుర్లు. ఇదంతా ఎక్కణ్ణుంచి వస్తోందని వెతికితే, కళ్ళెదుట ఈదుతూ కనబడ్డవి బాతులు. రెట్టలో ఫాస్ఫేటు ఉండనే ఉంది. ఇంకేం కావాలి!

ఆ తర్వాత ఊళ్ళో ఆరోగ్య సర్వే మొదలైంది. ఒక సర్వే అమ్మాయి సీసాలక్క ఇంటికీ వచ్చింది. ఇద్దరి ఆరోగ్యం సంగతీ అడుగుతూ అడుగుతూ ఆవిడ చేతులు చూసి ఆగిపోయింది.

"అయ్యో, చేతులకేమైందండీ? మడుగు నీళ్ళేమైనా తగులుతాయా మీకు?"

సీసాలక్క తటపటాయించింది. యాసిడంటే ఈ పిల్ల రాసుకుంటుంది, రాసిన కాగితం తిన్నగా లాబుకే పోతుంది.

"తగులుతాయమ్మా. పదిహేను రోజులకోసారి, పన్నెండు సీసాలు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అమ్మాయి చకచకా ఏదో టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయింది.

నెల తిరిగేసరికి అన్నయ్యకి నోటీసు వచ్చింది. లాబు లెక్కల ప్రకారం మడుగు నీళ్ళు చెడ్డాయి గనక, ఒకరికి చేతులు పుండ్లు పడేంత దద్దుర్లు కూడా వచ్చాయి గనక, పదిహేను రోజుల్లో బాతుల్ని అక్కణ్ణుంచి ఖాళీ చేయించాలట. నాలుగొందల బాతుల్ని పట్టుకుని ఎక్కడికి పోతారు? నీళ్ళులేని చోట బాతుల్ని పెంచలేరు. అమ్మేసి, అన్నయ్యా వదినా ఊరు మారి ఎక్కడో కూలికి పోవాల్సిందే.

మర్నాడు వదిన ఆ కాగితం పట్టుకుని లాబు గేటు దగ్గరికొచ్చింది. లోపలికి రాలేదు. కాపలా మనిషితో మాట్లాడుతున్నట్టే, గోడ అవతలికి వినబడేలా అంది:

"అన్నా, లోపల మా ఆడపడుచుంటుంది, ఆవిడతో చెప్పు. పగుంటే నా మీద తీర్చుకోమను. నోరులేని బాతులు ఆవిడకేం చేశాయట?"

సీసాలక్కకి ఒళ్ళు మండిపోయింది. "నేనేం చేశాను! నేను సీసాలు కడుగుతాను, అంతేగా!" అని తొట్టి దగ్గర తనలో తనే గొణుక్కుంది. పాపం, నిజంగానే అనుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే తుడుచుకుందామంటే చేతులు మంట.

ఆ సాయంత్రం ఆరిన సీసాలు ఇవ్వడానికి మేడం గదికి వెళ్ళింది. మేడం తల పట్టుకుని కంప్యూటరు ముందు కూర్చునుంది.

"నాకేమీ అర్థం కావట్లేదక్కా. బాతులు తిరిగే చోటా పెరిగింది, బాతులు మొహం కూడా చూపించని చోటా పెరిగింది. పన్నెండు చోట్లా ఒకే లెక్కన! సరిగ్గా ఏడు నెలల నుంచి. ఎవరో మడుగంతా సబ్బు నీళ్ళు గుమ్మరించినట్టుంది."

"సబ్బుకీ దీనికీ ఏం సంబంధం మేడం?"

"సబ్బు పొడుల్లో చాలావాటిలో ఫాస్ఫేటుంటుందిగా. గాజుకి పట్టుకుందంటే ఎన్నిసార్లు కడిగినా ఒక పట్టాన వదలదు. అందుకేగా మన సీసాలకి సబ్బు తగలనివ్వం."

చేతిలో ట్రే ఎలా కింద పెట్టిందో, ఇంటికెలా చేరిందో సీసాలక్కకే తెలీదు.

ఇంట్లో మొగుడు మిషను మీద ఏదో చొక్కా కుడుతున్నాడు. ఆయన ఎదుట కూలబడి మొత్తం కక్కేసింది. పౌడరు సంగతి, సర్వే పిల్ల సంగతి, అన్నీ. ఆయన మిషను ఆపి విన్నాడు.

"చెప్తే ఉద్యోగం పోతుందేమోనే."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఎవరికీ తెలీదు," అని మళ్ళీ కుట్టడం మొదలెట్టాడు. నాలుగు కుట్లు పడ్డాయో లేదో మళ్ళీ ఆపాడు. "నాకు తెలిసిపోయిందిగా! నాతో ఎందుకు చెప్పావే తల్లీ? ఇంక నేను మీ అన్నయ్య మొహం ఎలా చూడను?"

"నేను మాత్రం ఎలా చూస్తాను?" అంది సీసాలక్క.

పొద్దున్నే పౌడరు డబ్బా తీసుకెళ్ళి మేడం బల్ల మీద పెట్టింది. పక్కనే రెండు చేతులూ పెట్టింది. ఉన్నదున్నట్టు చెప్పింది. మేడం డబ్బా మూత తీసి చూసింది, ఆ చేతుల్ని తిప్పి తిప్పి చూసింది. సీసాలక్క ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడింది.

"ఏడు నెలలుగా నాకు పిచ్చెక్కుతోందనుకున్నానక్కా," అంది మేడం చివరికి. "నీళ్ళు చూస్తే అడుగు కనబడుతోంది. తెట్టు లేదు, వాసన లేదు. అంకెలు చూస్తే మురుక్కాలవ! మడుగుని నమ్మాలో మిషన్ని నమ్మాలో తెలీక చచ్చాను. తప్పు నాదీ ఉంది. సరిచూసుకోవడానికి ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోసే సీసా ఒకటుంటుంది, అది నేనే కడుక్కుంటాను. నువ్వు కడిగిన సీసాతో చూసుంటే మొదటి నెల్లోనే పట్టుకునేదాన్ని." అంతలో గొంతు పెరిగింది. "కానీ చేతులు ఇలా కుళ్ళిపోయేదాకా నాతో ఒక్క ముక్క చెప్పాలనిపించలేదా నీకు?"

"తీసేస్తారని భయమేసింది మేడం."

"తీసేస్తారో ఉంచుతారో నా చేతుల్లో లేదు. నేను మాత్రం జరిగింది జరిగినట్టు రాయాలి. పద, ముందు మడుగు సంగతి తేలుద్దాం."

ఆ రోజు యాసిడ్ పని మేడమే చేసింది. పన్నెండు సీసాలు యాసిడ్‌లో కడిగింది, ఇంకో పన్నెండు సీసాలక్క చేత పౌడరుతో తోమించింది. మర్నాడు ఒక్కో చోట రెండేసి సీసాల చొప్పున నీళ్ళు పట్టుకొచ్చారు. ఫాస్ఫేటుంటే మందు కలిపాక నీళ్ళు నీలం తిరుగుతాయి. ఎంత ఎక్కువుంటే అంత చిక్కటి నీలం. మందు కలిపి, పది నిమిషాలు ఆగాలంది మేడం. ఆ పది నిమిషాలూ సీసాలక్క గోడ గడియారం వైపు చూడలేక చెప్పులకేసి చూస్తూ కూర్చుంది. ఒకవేళ అన్నీ నీలం తిరిగితే? అప్పుడు బాతులూ పోతాయి, ఉద్యోగమూ పోతుంది, రెండింటికీ చెడినట్టవుతుంది.

"అక్కా, తలెత్తు," అంది మేడం.

పౌడరుతో తోమిన పన్నెండూ ముదురు నీలం. యాసిడ్‌లో కడిగిన పన్నెండూ మంచినీళ్ళలా తెల్లగా ఉన్నాయి. కళ్ళు చికిలించి చూస్తే గానీ నీలం జాడ కనబడలేదు. సీసాలక్కకి ప్రాణం లేచొచ్చింది. మేడం ఆవిడ భుజాలు పట్టుకుని ఊపేసింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. నవ్వుతుంటే మేడం కళ్ళజోడు కిందపడింది, పగల్లేదు, అదీ అదృష్టమే.

ఆ తర్వాత వారం రోజులూ కాగితాలు అటూ ఇటూ తిరిగాయి. మేడం పాత లెక్కలన్నీ తప్పని రాసి వెనక్కి తీసుకుంది. ఆరోగ్య శాఖవాళ్ళు సీసాలక్క చేతుల్ని దద్దుర్ల జాబితాలోంచి కొట్టేశారు. డైరెక్టరుగారు సీసాలక్కని గదిలోకి పిలిచి అరగంట గడ్డిపెట్టారు, మేడంని ఇంకో అరగంట పెట్టారు. చివర్లో ఒక హెచ్చరిక కాగితం సీసాలక్క చేతికిచ్చి, "ఇది ఫైల్లో ఉంటుంది. యాసిడ్ పనికి వేరే మనిషిని చూస్తాం. నువ్వు కడగడం, ఆరబెట్టడం, సర్దడం చూసుకో. పో," అన్నారు. ఆ "పో" అన్నమాట అంత తియ్యగా ఉంటుందని సీసాలక్క ఎన్నడూ అనుకోలేదు.

నోటీసు రద్దయిన కాగితం అన్నయ్యకి చేరడానికి ఇంకో రెండు రోజులు పడుతుందన్నారు. అప్పటిదాకా ఆగడం ఆవిడ వల్ల కాలేదు. పని దిగగానే తిన్నగా మడుగు గట్టుకి నడిచింది. వదిన ఒక్కతే ఉంది, పొడుగాటి కర్ర పట్టుకుని బాతుల్ని మళ్ళేస్తోంది. ఆడపడుచుని చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

"వదినా, బాతుల్ని ఎక్కడికీ తోలక్కర్లేదు. నోటీసు తీసేశారు. తప్పంతా నాది."

సీసాలక్క ఆగకుండా చెప్పుకుపోయింది. తొడుగులు, యాసిడ్, పౌడరు, సర్వే పిల్ల, నీలం రంగు. వదిన అటు తిరిగే విన్నది. మాట అయిపోయాక కూడా తిరగలేదు. బాతుల వైపే చూస్తూ అడిగింది:

"మరి నీ ఉద్యోగం? ఉంచారా, పీకేశారా?"

"ఉంచారు వదినా."

"హమ్మయ్య," అని వదిన గట్టు మీద చతికిలబడింది. కొంగుతో మొహమంతా తుడుచుకుంది. సీసాలక్కకి అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

అంతే, వదిన లేచి అందుకుంది. "ఏడుస్తావెందుకమ్మాయ్, చేసిందంతా చేసి? పది రోజులు! పది రోజులు నాకు ముద్ద దిగితే ఒట్టు! మీ అన్నయ్య ఆ మూల కూర్చుని ఎన్ని బాతులు ఎవరికమ్మాలో లెక్కలేసుకుంటుంటే నా కడుపు తరుక్కుపోయింది. చేతులు అలా పుండ్లు పడితే ఇంటికొచ్చి చెప్పడానికేం రోగం? మేం చచ్చామా? మాటల్లేకపోతే మనుషులం లేకుండా పోయామా? నీకు అహంకారం, అది చాలదన్నట్టు భయం, రెండూ కలిసి మా కొంప ముంచబోయాయి..."

సీసాలక్క తలొంచుకుని, కన్నీళ్ళు తుడుచుకోకుండా, ఒక్కో తిట్టూ హాయిగా వింది. గొంతు విని పాకలోంచి బయటికొచ్చిన అన్నయ్య, పెళ్ళామూ చెల్లెలూ ఎదురెదురుగా నిలబడి ఉండటం చూసి, గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. వదిన మాత్రం ఆగలేదు. బాతులన్నీ ఒకదాని వెనక ఒకటి దడిలోకి పోయేదాకా తిట్టింది. తలుపు వేసి, గడియ పెట్టి, అప్పుడు తిరిగి చూసి అంది:

"రేపు కూడా రా. ఇంకా అయిపోలేదు."